వియ్యం మిషను

మాణిక్యాంబ ఒంట్లో తెల్లకణాలు నాలుగొందలకి పడిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ పెద్దగా బెదరలేదు. వాటిని పెంచగలిగిన మనిషి చుట్టపక్కాలందరిలోనూ ఒక్కరే ఉన్నారనీ, ఆ ఒక్కరూ వియ్యపురాలు హైమవతేననీ తెలిశాక మాత్రం ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుని, "నాలుగొందలు చాలండి నాకు, సర్దుకుంటాను" అంది.

సర్దుకోవడానికి అది పప్పు ఉప్పుల వ్యవహారం కాదు. రొమ్ములో గడ్డ. కీమో మందు గట్టిదే గానీ దానికి దొంగెవరో దొరెవరో తెలీదు. ఒంట్లో ఏది గబగబా పెరుగుతుంటే దాన్ని పట్టుకుని బాదుతుంది. గడ్డా గబగబా పెరిగేదే, జుట్టు కుదుళ్ళూ అంతే, ఎముకల లోపలి మజ్జలో పుట్టే నెత్తుటి కణాలూ అంతే. అందుకని గడ్డ కరగడం మొదలుపెట్టేసరికి జుట్టు ఊడింది, కణాలు రాలాయి. ఎవరికైనా మందు ఎక్కిన వారం పదిరోజులకి తెల్లకణాలు అడుగంటి, మూడోవారానికి మళ్ళీ పుంజుకుంటాయి. మాణిక్యాంబ మజ్జ మాత్రం రెండో కీమో తర్వాత అలిగి పడుకుంది. కౌంటు పెంచే ఇంజెక్షన్లు తొమ్మిది పొడిస్తే ఎముకలన్నీ సలిపాయి తప్ప కౌంటు కదల్లేదు. వెయ్యి దాటితే గానీ మూడో కీమో ఎక్కించరు. అప్పటికే రెండు వాయిదాలు పడ్డాయి.

"ఇంకోసారి వాయిదా వేశామంటే గడ్డకి మనమే సెలవులిచ్చి మేపినట్టు" అంది డాక్టరు శర్వాణి. కాకినాడలో సముద్రం వైపున్న ఆ క్యాన్సరు ఆసుపత్రి మేడమీద ఆవిడకో ప్రయోగశాల ఉంది. అందులో ఆవిడ ఏడేళ్ళు కూర్చుని తయారుచేసిన యంత్రం ఒకటి ఉంది. చూడ్డానికి పిండిరుబ్బే గ్రైండరంత ఉంటుంది. ఒక కుర్చీలో దాత, ఇంకో కుర్చీలో రోగి కూర్చుంటారు. దాత రక్తంలోంచి సూక్ష్మక్రిములతో పోట్లాడే తెల్లకణాల్ని మాత్రం ఏరి, వాటికో పల్చటి పొర తొడిగి రోగిలోకి పంపుతుంది. ఆ పొర చూసి రోగి ఒళ్ళు "ఇవి మనవాళ్ళే" అనుకుంటుంది. శర్వాణి దానికి 'సహకణి' అని పేరు పెట్టింది. దాన్ని నడిపే టెక్నీషియను అప్పలకొండ మాత్రం మొదట్నుంచీ వియ్యం మిషను అనే అంటాడు. పరాయివాళ్ళకి చుట్టరికం కలిపేదాన్ని ఇంకేమంటారని అతని వాదన.

చిక్కల్లా ఏమిటంటే దాతకీ రోగికీ రక్తంలో ఎనిమిది గుర్తులు కలవాలి. కొడుకు ఫణికి నాలుగు కలిశాయి. కోడలు మృదులకి రెండు. భర్త సూర్యారావుకి ఒక్కటంటే ఒక్కటే కలిసింది. ముప్పై ఆరేళ్ళ కాపురం మీద అంతకన్నా నిజాయితీ అయిన రిపోర్టు ఇంకొకటి రాదని మాణిక్యాంబ అంది. పాలవాడితో సహా అందర్నీ పరీక్షించాక, మృదుల పెద్దాపురం వెళ్ళి వాళ్ళమ్మ రక్తం సీసాలో తెచ్చింది. హైమవతికి ఎనిమిదికి ఎనిమిదీ కలిశాయి. పెళ్ళినాడు పిల్లల జాతకాలకే ఇంత పొంతన లేదు.

ఈ వియ్యపురాళ్ళిద్దరికీ అయిదేళ్ళుగా మాటల్లేవు. హైమవతి కూతురి కాపురం కాకినాడలో ఉన్నా ఆ ఇంటి గడప తొక్కలేదు. మృదులే వారం వారం బస్సెక్కి పెద్దాపురం పోయి వస్తుంది. గొడవ ఎక్కడ మొదలైందంటే, అరిసెల దగ్గరంటారు కొందరు. పెళ్ళి సారెలో వచ్చిన అరిసెని మాణిక్యాంబ పళ్ళెం మీద టకటకా కొట్టి, "వదినగారూ, వీటిని రాత్రి నానబెట్టుకోవాలాండి?" అని నలుగురిలో అడిగింది. అరిసెల తర్వాత ఇంకా చాలా జరిగాయి.

మృదుల ఫోన్లో సంగతంతా చెప్పి, రమ్మని అడగడానికి నోరు రాక ఊరుకుంది. 

"పొద్దున్నే బస్సు ఎన్నింటికే?" అంది హైమవతి. తర్వాత, "ఆసుపత్రికయితే వస్తాను. వాళ్ళింటికి మాత్రం రాను" అంది.

* * *

మొదటిరోజు పది గంటలకి ఇద్దర్నీ ఎదురుబొదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. హైమవతి సన్నగా, నిటారుగా, తెల్లటి నేత చీరలో బడిపంతులమ్మలా ఉంది. నిజంగానే పంతులమ్మ, రిటైరై రెండేళ్ళు. మాణిక్యాంబ తలకి కట్టుకునే గుడ్డ కోసం చేసంచిలో చెయ్యి పెడితే, జేబురుమాల్లో చుట్టిన చిన్న మూట ఒకటి పైకొచ్చింది. గభాలున దాన్ని అడుక్కి తోసేసి గుడ్డ తీసుకుంది. హైమవతి కిటికీలోంచి కొబ్బరి చెట్లకేసి చూస్తోంది.

గోడ మీద రెండు తెరలున్నాయి. ఒకటి రోగి కౌంటు, ఒకటి దాతది. దాత కౌంటు ఆరువేలు దాటితే మిషను మీద పచ్చదీపం వెలుగుతుంది, అప్పుడే పని మొదలవుతుంది. హైమవతి తెర మీద మూడువేల తొమ్మిదొందలుంది.

గొడవ పడకూడదని మృదుల ముందే ఇద్దరిచేతా ఒట్లు పెట్టించి తెచ్చింది. అంచేత ఇద్దరూ మర్యాదలు మొదలుపెట్టారు.

"బస్సులో చోటు దొరికిందాండి వదినగారూ?"

"ఆయ్, దొరికిందండి. మీరెలా ఉన్నారు?"

"మీ దయండి."

మూడువేల ఎనిమిదొందలు. అప్పలకొండ నీళ్ళిచ్చాడు, ఫ్యాను తగ్గించాడు, సూది సర్ది చూశాడు. అరగంట గడిచింది. కాలు ఆడిస్తే కణాలు కదుల్తాయని హైమవతిని సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించమన్నారు. నాలుగువేల వంద. టీవీలో రాజకీయ చర్చ పెట్టారు. హుషారు రావడం మాట అటుంచి ఆవిడ కునికిపాట్లు పడింది. శర్వాణి నుదురు రుద్దుకుంది.

ఇంత దూరం వచ్చిన మనిషి ఊరికే తిరిగి వెళ్ళాల్సి వస్తోందే అని మాణిక్యాంబకి నొచ్చింది. ఏదో ఒక మంచిమాట అనాలని వెతికింది. పాపం, ఆవిడకి మంచిమాట దొరికిన చోటే ముల్లు కూడా ఉంటుంది.

"ఏమాటకామాటే చెప్పాలండి, మీ అరిసెలు వారమైనా పాడవలేదు" అంది. "చీమలు కూడా ముట్టలేదు."

హైమవతి మెడ నెమ్మదిగా ఇటు తిరిగింది. "ఏవంటున్నారండి మీరు?"

"మెచ్చుకుంటున్నానండి."

"చీమలు ముట్టలేదంటే మెచ్చుకోలాండి? ఆ బెల్లం మావాళ్ళు అనకాపల్లి నించి తెచ్చారు. పాకం దగ్గర నేనే నించున్నాను. మీకు పళ్ళు లేకపోతే మా పాకానిదా తప్పు?"

"నాకు పళ్ళు లేవాండి? ముప్పై రెండూ ఉన్నాయి. మీ అరిసె కొరికాక ముప్పై ఒకటి."

"అమ్మా, అత్తయ్యా" అంటూ మృదుల మధ్యకి రాబోయింది. అప్పలకొండ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగండమ్మా, ఆగండి. ఆరు యేలు దాటిందండి" అన్నాడు తెర చూపిస్తూ.

పచ్చదీపం వెలిగింది. మిషను ఎలక్ట్రిక్ కుక్కరులా బుసకొట్టి పని మొదలుపెట్టింది.

సంగతేమిటో శర్వాణికి ఆ సాయంత్రానికి అర్థమైంది. మనిషి నెత్తుట్లో తెల్లకణాలు చాలామటుకు ఊరికే రక్తనాళాల గోడల్ని అంటుకుని కూర్చుంటాయి. కోపం వచ్చి గుండె దడదడలాడగానే గోడ వదిలి ప్రవాహంలోకి దూకుతాయి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, గొడవ వినపడగానే వీధిలోకి వచ్చినట్టు. అదే పని మందిచ్చి చేయిస్తే ఆ కణాలు పొర తొడగగానే చచ్చిపోతున్నాయి. కోపంతో దిగినవి మాత్రం గట్టిగా బతుకుతున్నాయి. ఎందుకలాగ అని మృదుల అడిగితే, నాకూ తెలీదంది శర్వాణి.

"అయితే మీ ఇద్దరూ ఒకటి గుర్తుంచుకోవాలి" అని రెండోరోజు వియ్యపురాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. "ఈ కణాలు ఒంట్లో ఒకరోజు మించి బతకవు. కౌంటు అడుగంటే వారంలో రోజూ తాజాగా ఎక్కించాలి. ఆరు కీమోలూ పూర్తయ్యేదాకా మీరు రాజీ పడటానికి వీల్లేదు. క్షమాపణలూ గట్రా ఏమైనా ఉంటే తర్వాత చూసుకోండి."

మాణిక్యాంబ ఒళ్ళో ఉన్న చేసంచి మూతి ముడివేసింది.

* * *

అలా మొదలైంది ఆ ఇంట్లో తిట్ల వంట. పొద్దున్నే ఏడింటికి సూర్యారావు కాఫీ తాగుతూ, "ఇవాళ దేనిమీద?" అని అడిగేవాడు. ఫణి పెళ్ళి ఆల్బం తీసి వెతికేవాడు. ఒక ఫోటోలో హైమవతి తల సగం కోసేసి ఉంది. అది మూడ్రోజులు పనికొచ్చింది. పెళ్ళయ్యాక తమ విందులో మాణిక్యాంబ మగపెళ్ళివారికి స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, ఆడపెళ్ళివారికి కాయితం కప్పుల్లో ఇచ్చిన సంగతి రెండ్రోజులు. అందరికన్నా ఎక్కువ నలిగింది మృదుల. కన్నతల్లిని ఏమంటే మండుతుందో అత్తగారికి చెప్పాల్సిన కోడలు ఈ ప్రపంచంలో తనొక్కతే అయ్యుంటుందని వంటింట్లో ఏడ్చేది, ఏడుస్తూనే ఒక చిట్టీ మీద నాలుగు ముక్కలు రాసిచ్చేది.

మాణిక్యాంబకి నోటికి కొదవ లేదు. కానీ ఇదివరకు తిట్టడం వేరు, ఇప్పుడు వేరు. అప్పుడు ఊరికే ఉబుసుపోకకి అనేది. ఇప్పుడు తనకి ప్రాణం పోస్తున్న మనిషిని రోజూ పదిగంటలకి కూర్చోబెట్టి అవమానించాలి. ఆవిడ పొద్దున్నే ఆరింటికి లేచి, ఖాళీ కడుపున రెండు ఇడ్లీలు కుక్కుకుని, గంటన్నర బస్సులో నించుని వస్తుంది. చెయ్యి చాపుతుంది. "ఊఁ, కానివ్వండి" అంటుంది, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టు. అప్పుడు తను ఆవిడ పాటని ఎక్కిరించాలి, చీర కట్టుని ఎక్కిరించాలి. పచ్చదీపం వెలిగిన ప్రతిసారీ మాణిక్యాంబకి హమ్మయ్యా అనిపించేది, ఆ వెంటనే సిగ్గేసేది.

అప్పలకొండ ఒక రిజిస్టరు పెట్టాడు. ప్రతి పేజీ పైనా 'కోపం' అని రాసి, కింద విషయం, పక్కన ఎంత పెరిగిందో వేసేవాడు. అరిసెలు: రెండువేల మూడొందలు. ఫోటో: రెండువేలు. రక్తపోటు నూట డెబ్భై దాటితే మాత్రం ఆపెయ్యాలని డాక్టరు ఆజ్ఞ. అంచేత తిట్టుకి పాకం కుదరాలి. తక్కువైతే ఎర్రదీపం, ఎక్కువైతే అలారం.

మూడో కీమో ఎక్కింది, నాలుగోదీ ఎక్కింది. గడ్డ ఉసిరికాయంతది శనగ్గింజంతైంది. ఈలోగా ఇంకో ప్రమాదం వచ్చిపడింది. తిట్లు అరిగిపోయాయి. నాలుగోసారి అరిసెల మాట ఎత్తితే హైమవతి కౌంటు నాలుగొందలు కూడా పెరగలేదు. పైగా వాళ్ళిద్దరూ రోజుకో గంట ఎదురెదురుగా కూర్చుంటున్నారాయె. ఒకరికి నోరంతా పూసిందని ఇంకొకరికి తెలిసిపోయింది. మర్నాడు హైమవతి ఫ్లాస్కుతో పెసరకట్టు తెచ్చి, ముక్కుతూ మూలుగుతూ అప్పలకొండకిచ్చి, "ఆవిడకివ్వు. ఉప్పెయ్యలేదు. నేనిచ్చానని చెప్పకు" అంది, మాణిక్యాంబకి నాలుగడుగుల దూరంలో నించుని.

ఒకరోజు మాణిక్యాంబ తలగుడ్డ ఫ్యాను గాలికి జారిపోయింది. నున్నటి గుండు బయటపడింది. గదిలో ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు.

"ఇంకేముందండి, అనండి" అంది మాణిక్యాంబ. "ఇవాళ మీ వంతు."

హైమవతి కాసేపు చూసి, "గుండ్రంగానే ఉందండి. లోపల ఇన్ని వంకరలున్న బుర్ర పైకి ఇంత తిన్నగా ఉంటుందనుకోలేదు" అంది.

మాణిక్యాంబకి నవ్వొచ్చింది. నోటి పూతతో నవ్వితే మంట, మంటకి మూతి సాగితే హైమవతికి నవ్వు. ఇద్దరూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే ఎర్రదీపం వెలిగింది. ఆరోజు కణాలు రాలేదు. శర్వాణి వచ్చి ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. మర్నాడు అప్పలకొండ రెండు కుర్చీల మధ్యా ఆకుపచ్చ తెర కట్టాడు.

తెర చాటునుంచి తిట్టుకోవడం కాస్త తేలికే. ఆ తేలికలోనే మాణిక్యాంబ నోరు జారింది. కొత్త విషయం దొరక్క తడుముకుంటూ, "అంతెందుకండి, మా గృహప్రవేశం నాడు కూడా మీరు..." అంది. అని, నాలుక కరుచుకుంది.

తెర అవతల చప్పుడు లేదు. గోడ మీద అంకె మాత్రం పరిగెత్తింది. ఆరు, ఏడున్నర, తొమ్మిదివేల రెండొందలు. అలారం మోగింది. మిషను ఆపి సూది తీశాక హైమవతి దూది నొక్కుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

"అమ్మగారూ, ఇదేదో పెద్ద సరుకండి. రేపు కూడా ఇదే ఎత్తండి" అన్నాడు అప్పలకొండ రిజిస్టరులో రాసుకుంటూ.

"ఆ మాట మళ్ళీ ఎత్తను. నువ్వూ ఎత్తకు" అంది మాణిక్యాంబ.

అయిదేళ్ళుగా ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి అది. కొత్తింట్లో పాలు పొంగించే రోజుకి రమ్మని వీధి వీధంతా తిరిగి బొట్టు పెట్టి పిలిచింది. వియ్యపురాలిని పిలవడానికి స్వయంగా పెద్దాపురం వెళ్ళింది. గేటు గడియ తీసి, భరిణె చేతిలో పట్టుకుని లోపలికి నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, హైమవతి భర్త పోయి ఎనిమిది నెలలైందని. బొట్టు పెడితే, పోయినాయన్ని గుర్తుచేసి ఏడిపించినట్టవుతుందా? పెట్టకుండా పిలిస్తే, నీకిక ఆ యోగం లేదు అని మొహం మీద అన్నట్టవుతుందా? నలుగుర్ని ఠపీమని అనెయ్యడం తెలిసిన మాణిక్యాంబకి ఆరోజు ఆ గుమ్మం ముందు ఏం చెయ్యాలో తెలియలేదు. చేతకాని మనిషిలా వెనక్కి తిరిగి బస్సెక్కింది. ఇంటికొచ్చి ఫోన్లో శుభలేఖ ఫోటో పంపింది. అరిసెలూ కప్పులూ కావు, అసలు గాయం అక్కడ ఉంది. జబ్బు తెలిసి, వియ్యపురాలు వస్తానందని విన్నరోజే మాణిక్యాంబ ఆ వెండిభరిణె జేబురుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. ఆవిడ కాళ్ళు పట్టుకునైనా బొట్టు పెడదామనుకుంది. ఇప్పుడు పెడితే కోపం పోతుంది. కోపం పోతే కణాలు రావు.

* * *

అయిదో కీమో ఎక్కిన తొమ్మిదోరోజు పొద్దున్న మాణిక్యాంబకి జ్వరం నూట మూడుకి వచ్చింది. కౌంటు అరవై. అరవైవేలు కాదు, ఉత్త అరవై. పక్కింటి జలుబు కూడా మనిషిని పట్టుకుపోయే అంకె అది. యాంటీబయాటిక్ సీసాలు రెండు వేలాడదీశారు. పోట్లాడ్డానికి లోపల మనుషుల్లేకపోతే కత్తులు పంపి ఏం లాభమండి అంది శర్వాణి, ఆ కత్తుల్నే చూస్తూ.

పది గంటలకి హైమవతి వచ్చి చెయ్యి చాపింది. మాణిక్యాంబకి నోరు పెగల్లేదు. తిట్టేవాళ్ళు లేరు. తెర మీద నాలుగువేల రెండొందలు. అప్పలకొండ రిజిస్టరు తిరగేసి, "అరిసెలండి" అన్నాడు. "కాయితం కప్పులండి" అన్నాడు. అతను తిడుతుంటే సంతలో సరుకులు చదివినట్టుంది. మృదుల ధైర్యం చేసి, "అమ్మా, నీ పులుసు ఎప్పుడూ నీళ్ళేనే" అని భోరున ఏడ్చేసింది. నాలుగువేల మూడొందలు.

శర్వాణి గొంతు తగ్గించింది. "గృహప్రవేశం అన్నరోజు తొమ్మిదివేలు దాటింది. ఆ సంగతేంటో ఎవరైనా..."

మాణిక్యాంబ కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. వద్దు.

హైమవతి లేచి, ఆ ఆకుపచ్చ తెరని పక్కకి లాగేసింది. "ఆవిడ ఎత్తరండి. నేనే ఎత్తుకుంటాను" అంది. కూర్చుని మాణిక్యాంబ మొహంలోకి చూసింది.

"మా ఆయన పోయిన ఎనిమిదో నెలండి. మీ వీధిలో అందరికీ బొట్టు పెట్టి పిలిచారట. పాలుపోసే ఆవిడక్కూడా. నాకు ఫోన్లో కాయితం బొమ్మొచ్చింది. దానికింద రెండు చేతులు దణ్ణం పెడుతున్న బొమ్మ ఇంకోటి." అంకె అయిదువేలు దాటింది. "నేను అద్దం ముందు నించున్నానండి. ముప్పై మంది పిల్లలకి రోజూ పాఠం చెప్పే మొహం. బళ్ళో ఎవరికీ అడ్డం రాని మొహం. నా కూతురు పాలు పొంగించే ఇంటికి అడ్డం వచ్చిందా అని అడిగానండి, ఆ అద్దాన్నే. మీరడగలేదు కదా నన్ను. రమ్మని కాదు, వద్దని కూడా కాదు. ఏమీ అడగలేదు. అయిదేళ్ళు. నా కూతురి ఇంటి వంటగది ఏ దిక్కున ఉందో నాకు తెలీదు."

ఏడువేలు. పచ్చదీపం. మిషను బుసకొట్టింది. "ఆపకండి" అంది శర్వాణి మెల్లగా. హైమవతి ఆపలేదు. గొంతు చించుకుంది, కుర్చీ చేతిని గుద్దింది, పదివేలు దాటింది. రక్తపోటు నూట అరవై ఎనిమిది దగ్గర ఊగుతోంది.

మాణిక్యాంబకి ఒక్కమాట చాలు. గేటు దాకా వచ్చానండి, అంటే చాలు. ఆ మాట అంటే ఎదురుగా ఆ మనిషి చల్లబడుతుంది, చల్లబడితే ఆ దీపం ఆరిపోతుంది. కాళ్ళ దగ్గర సంచిలో భరిణె ఉంది. పూసిన నోరు గట్టిగా బిగించి, నలభై నిమిషాలపాటు చెయ్యని తప్పుకీ చేసిన తప్పుకీ కలిపి మాట పడింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే అప్పలకొండ తుడిచాడు.

అలా మూడ్రోజులు. మూడోరోజుకి కౌంటు ఏడొందలైంది. నాలుగోరోజు పొద్దున్న జ్వరం దిగింది. మాణిక్యాంబ కళ్ళు తెరిచి మొదట అడిగింది, ఉప్పు వేసిన పెసరకట్టు.

* * *

ఆరో కీమో తర్వాత ఏ దేవుడు కరుణించాడో, మాణిక్యాంబ మజ్జ అలక తీరి లేచింది. మూడోవారానికి మిషను సాయం లేకుండానే కౌంటు రెండువేల మూడొందలు. గడ్డ జాడ స్కానులో కనపడలేదు. తన పరిశోధన కాయితాలకి చివరి అంకెలు కావాలని శర్వాణి ఇద్దర్నీ ఒక్కసారి కూర్చోమంది. ఇక కణాలు ఎక్కించేది లేదు, ఊరికే లెక్క.

మాణిక్యాంబ సంచి ముడి విప్పింది. కీమో మందుకి వేళ్ళు తిమ్మిరెక్కి, గోళ్ళు నల్లబడి, జేబురుమాలు విప్పడానికే చాలాసేపు పట్టింది. భరిణె మూత తీసింది. కుంకుమ ఎండి గట్టిపడింది.

"వదినగారూ, మీ గేటు దాకా వచ్చానండి ఆరోజు. గడియ తీసి లోపలికి కూడా వచ్చాను" అంది. మిగిలిందంతా చెప్పింది. పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో తెలియక పారిపోయిన సంగతి దాచకుండా చెప్పింది. "పెట్టొచ్చో లేదో మిమ్మల్నే అడగొచ్చు. ఆ ముక్క తోచలేదు. అయిదేళ్ళ తర్వాత అడుగుతున్నానండి. పెట్టమంటారా?"

హైమవతి కళ్ళు చిట్లించి ఏదో ఆలోచించింది.

"గేటు తీసి వచ్చారు సరే. వెళ్ళేటప్పుడు వేశారా?"

మాణిక్యాంబకి గుర్తులేదు.

"వెయ్యలేదండి. ఆరోజు మేక దూరి నా బంతి మొక్కలు మొదలంటా తినేసింది. అయిదేళ్ళు ఎదురింటి వాళ్ళని అనుమానించాను." తెర మీద అంకె చటుక్కున ఎగిరింది. అయిదువేల నాలుగొందలు.

"ఇంక మేకలు రాసుకోనా అండి?" అన్నాడు అప్పలకొండ.

హైమవతి అతనివేపు చూడలేదు. తల కాస్త ముందుకి వంచింది. అయిదున్నరేళ్ళ పైన ఖాళీగా ఉన్న నుదురు అది. మాణిక్యాంబ కుంకుమని గోటితో గీకి, వేలికి అద్దుకుని, పెట్టింది. తిమ్మిరి చెయ్యి కదా, మధ్యలో పెట్టబోతే ఎడమ కనుబొమ్మ వేపు జరిగింది.

"మా ఇంటికి రండి వదినగారూ. పేరంటం లేదు, పండగ లేదు. కాఫీ తాగుదురుగాని. స్టీలు గ్లాసులో ఇస్తాను."

అంకె దిగడం మొదలుపెట్టింది. నాలుగు, మూడున్నర, రెండువేల తొమ్మిదొందలు. "ఇంత తక్కువ ఈవిడకెప్పుడూ సూడ్లేదండి" అన్నాడు అప్పలకొండ.

"వంకరగా పెట్టారు" అంది హైమవతి, పక్కనున్న స్టీలు ట్రేలో మొహం చూసుకుని. తుడుచుకోలేదు, సరిచేసుకోలేదు.

"నాలుగు నెలలు రోజూ దీన్ని సంచిలో పెట్టుకు తిరిగానండి" అంది మాణిక్యాంబ.

"తెలుసండి. మొదటిరోజే చూశాను. మీరు గుడ్డ తీస్తుంటే పైకొచ్చింది, జేబురుమాల్లోంచి మూత కనపడింది. భరిణె ఆకారం ఆడదానికి తెలీదాండి?" హైమవతి ఆవిడ నల్లబడ్డ వేళ్ళు రెండూ తన చేతిలోకి తీసుకుంది. "అరిసెల కోపం మూడోసారికే అయిపోయిందండి. గృహప్రవేశం కోపం మీరు తెర అవతల మాట మింగేసినప్పుడే సగం పోయింది. ఆ జ్వరం రోజున పదివేలు దాటింది కోపం అనుకున్నారా? ఎక్కడ పోతారోనని భయమండి. అరుస్తూ అరుస్తూ మీ సంచికేసే చూస్తున్నాను. ఇప్పుడు జాలిపడి అది తీసిందంటే నా కోపం పోతుంది, దీపం పోతుంది, ఈవిడ పోతుంది. తియ్యకమ్మా తల్లీ, తియ్యకు అని లోపల దణ్ణం పెట్టుకుంటూ పైకి తిట్టాను."

మాణిక్యాంబ రెండో చేత్తో భరిణెకి మూత పెట్టి సంచిలో వేసింది, ముడి మాత్రం వెయ్యలేదు.

మృదుల రెండు సంచులూ భుజాన వేసుకుని ముందు నడిచింది. వెనక ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కాఫీలో పంచదార ఎన్ని చెంచాలన్న దానిమీద వాదించుకుంటూ మెట్లు దిగారు. అప్పలకొండ రిజిస్టరు ముందుకి లాక్కుని, ప్రతి పేజీ పైనా తను రాసిన 'కోపం' అన్న మాట ఒక్కొక్కటే కొట్టేశాడు. దాని పక్కన ఏం రాయాలో తోచక కాసేపు కూర్చుని, కలానికి మూత పెట్టి, మిషను ఆపేశాడు.